చలికాలమంతా నేలలో ఉండే ఉల్లి: సెట్స్ ఇప్పుడు నాటొచ్చా? (యూకే పెరటి తోటలు)

రమణి_రీడింగ్ | సెప్టెంబరు 28

అందరికీ నమస్కారం. ఇక్కడి గార్డెన్ సెంటర్‌లో ఉల్లి సెట్స్, అంటే నాటుకునే చిన్న గడ్డల సంచులు వచ్చేశాయి. రాడార్ అనే రకం ఒకటి, ఎర్ర రకం ఎలక్ట్రిక్ ఒకటి తెచ్చుకున్నాను. సంచి మీద సెప్టెంబరు నుంచి నవంబరు దాకా నాటొచ్చు, జూన్‌లో కోతకొస్తుంది అని రాసుంది. టమాటాలు పీకేసిన మడి ఖాళీగా ఉంది, రెండు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు. పచ్చి బంకమట్టి. వానొస్తే చెప్పుకి అంటుకుని ఇంట్లోకి కూడా వచ్చేస్తుంది.

నా సందేహాలు ఇవీ. ఇంత చలిలో, మంచులో గడ్డ కుళ్లిపోదా? సంచిలో కొన్ని గోలీకాయంత ఉన్నాయి, కొన్ని చిన్న నిమ్మకాయంత ఉన్నాయి. పెద్దవి నాటితే పెద్ద గడ్డలొస్తాయా? ఇంట్లో కోడిఎరువు గుళికల డబ్బా ఉంది, ఇప్పుడే మట్టిలో కలిపేయనా?

మా అత్తగారు ఊర్నుంచి వచ్చి ఉన్నారు. సంచి చూసి, "ఉల్లిపాయని పాతితే కాడలొస్తాయి, పువ్వొస్తుంది. గడ్డెక్కడొస్తుందమ్మా? నారు పొయ్యాలి గాని" అంటున్నారు. ఆవిడకి ఏం సమాధానం చెప్పాలో కూడా చెప్పండి.


ఎర్రమట్టి_లెస్టర్ | సెప్టెంబరు 28

రమణి గారూ, మీ అత్తగారు చెప్పింది నిజం. వంటింట్లో ఉన్న పూర్తిగా ఊరిన ఉల్లిపాయని పాతితే పువ్వే వస్తుంది. ఉల్లి రెండేళ్ల మొక్క. మొదటి ఏడు గడ్డ కడుతుంది, ఒక చలికాలం దాటాక పూతకొచ్చి గింజ కడుతుంది. మన ఊళ్లలో విత్తనం కోసం గడ్డలు నాటేది అందుకే.

సెట్ అంటే ఎదుగుదల మధ్యలో ఆపేసిన పిల్ల గడ్డ. వసంతంలో గింజల్ని చాలా ఒత్తుగా చల్లుతారు. మొక్కలు ఒకదాన్నొకటి తొక్కుకుంటూ సరిగ్గా పెరగవు. ఎండాకాలంలో చిన్నగా ఉండగానే తవ్వి ఆరబెడతారు. మీరు దాన్ని మళ్లీ నాటినప్పుడు అది ఆపిన చోటి నుంచి పెరగడం మొదలెడుతుంది. అంత చిన్నగా ఉన్నంతకాలం చలి తగిలినా పూతకి రాదు. పెద్దదయితేనే వస్తుంది.

దీంతో మీ రెండో ప్రశ్నకీ జవాబు వచ్చేసింది. పెద్ద సెట్ నాటితే పెద్ద గడ్డ రాదు, ఏప్రిల్‌లో పూల కాడ వస్తుంది. గోలీకాయంత ఉన్నవి వరసల్లో నాటండి. నిమ్మకాయంతవి ఒక మూల దగ్గరదగ్గరగా గుచ్చేసి ఉల్లికాడలకి వాడుకోండి, లేకపోతే ఇవాళే పులుసులో వెయ్యండి.

కోడిఎరువు డబ్బా మూత తియ్యకండి. ఇప్పుడు నత్రజని ఇస్తే మొక్క లేతగా, బలిసిపోయి చలికాలంలోకి వెళ్తుంది. ఆ లేత ఆకు మంచుకి ఆగదు. పైగా మెడ పెన్సిల్ లావు దాటిన మొక్కకి చలి తగిలితే పూతకొచ్చే ప్రమాదం ఎక్కువ. డిసెంబరుకి మొక్క సన్నగా, గట్టిగా, ఓ జానెడు ఎత్తుంటే చాలు. టమాటాలకి వేసిన ఎరువు మట్టిలో కొంత మిగిలే ఉంటుంది, అదే ఎక్కువ.

చలి గురించి టెన్షన్ వద్దు. వేరు పట్టిన ఉల్లి గడ్డకట్టే చలిని కూడా తట్టుకుంటుంది. చంపేది నీరు. మీ బంకమట్టికి చెయ్యాల్సిన పని ఒకటే: మడిని చుట్టుపక్కల నేలకన్నా ఓ జానెడు ఎత్తుగా కట్టండి. పారతో రెండు వైపులా కాలవ తీసి, ఆ మట్టి మడి మీదకే ఎక్కించండి. బాగా మాగిన కంపోస్టు ఉంటే కలపండి, పచ్చి పెంట వద్దు.

నాటేటప్పుడు గడ్డకీ గడ్డకీ 10 సెంటీమీటర్లు, వరసకీ వరసకీ 25 నుంచి 30. మొన మాత్రం పైకి కనబడేలా పూడ్చండి. బొటనవేలితో మట్టిలోకి నొక్కకండి. బంకమట్టి కింద గట్టిగా ఉంటే వేరు లోపలికి పోలేక గడ్డనే పైకి నెట్టేస్తుంది. పుల్లతో చిన్న గుంట చేసి, గడ్డని దించి, మట్టి సర్దండి.


లెక్కల_మాస్టారు | సెప్టెంబరు 29

ఎవరూ ఏమీ అనుకోనంటే ఒక మాట. మా స్లౌలో దేశీ కొట్టుకి వెళ్తే పెద్ద ఉల్లి బస్తా భుజాన వేసుకుని రావచ్చు. రెండు చదరపు మీటర్ల మడిని తొమ్మిది నెలలు కట్టిపడేసి, వల కొని, కంపోస్టు కొని, ఆఖరికి పండేది మన ఇంట్లో నెల రోజులకి రాదు. ఒక్క ఆదివారం బిర్యానీకి ఎన్ని ఉల్లిపాయలు పోతాయో ఆడవాళ్లకి తెలియనిదా? ఆ మడిలో వెల్లుల్లి వేసుకోండి, దానికి కాస్త ధరైనా ఉంది.


నాగమణి_కెంట్ | సెప్టెంబరు 29

మా ఇంట్లో బిర్యానీకి ఉల్లిపాయలు తరిగేది మా ఆయనే మాస్టారూ, ఆయన్ని అడిగి చెప్తాను.

లెక్క మాత్రం మీరన్నదే. డబ్బు కోసమైతే ఉల్లి వెయ్యకూడదు. కానీ ఆ తొమ్మిది నెలల్లో అక్టోబరు నుంచి మార్చి దాకా ఆ మడిలో ఇంకేం పండిస్తారు? ఇక్కడ ఏప్రిల్, మే నెలల్లో తోటలో తినడానికి ఏమీ ఉండదు. పాతవి అయిపోతాయి, కొత్తవి రావు. సరిగ్గా అప్పుడు ఉల్లికాడలు, జూన్‌లో కొత్త గడ్డలు చేతికొస్తాయి. మార్చిలో నాటే ఉల్లి ఆగస్టుకి గాని రాదు. జూన్ ఆఖరుకి మడి ఖాళీ అయితే అందులో మళ్లీ బీన్స్ వెయ్యొచ్చు. నేను ఒక వరసని సగం దూరంలోనే, అంటే 5 సెంటీమీటర్లకే నాటి, ఏప్రిల్‌లో ఒకటి విడిచి ఒకటి కాడలుగా పీకేస్తాను. మిగిలినవి గడ్డలవుతాయి.


కోడుమూరు_కుర్రోడు | సెప్టెంబరు 30

అన్నా, మాది కర్నూలు తట్టు. నాయిన ఎర్రగడ్డ, అదే ఉల్లి, పెడతాడు. నేనిప్పుడు మాంచెస్టర్‌లో ఉన్నా, అద్దె ఇంటి వెనక చిన్న దొడ్డి ఉంది. మా తట్టు అంతా నారే. నారుమడిలో పోసి, ఆరేడు వారాల నారు తెచ్చి నాటడం, లేదంటే నేరుగా ఎదబెట్టడం. గడ్డ నాటి గడ్డ తీయడం నేనెప్పుడూ చూడలా. డిసెంబరులో ఊరికి పోతున్నా. వచ్చేటప్పుడు మా విత్తనం కొంచెం తెచ్చి ఇక్కడ వేస్తే వస్తుందా? ఈడ ఎర్రగడ్డ సప్పగా ఉంది, కోస్తే కంట్లో నీళ్లు గూడా రావు.


ఎర్రమట్టి_లెస్టర్ | సెప్టెంబరు 30

తమ్ముడూ, రెండు అడ్డంకులున్నాయి. ఒకటి చట్టం. మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా విత్తనాలు, నాటే గడ్డలు సూట్‌కేసులో పెట్టుకుని తెస్తే విమానాశ్రయంలో తీసేసుకుంటారు. ఎవరో తెచ్చారు, ఏమీ కాలేదు అనే కథలు ఇక్కడ రాయొద్దని అందరికీ మనవి.

రెండోది పగటి పొడుగు. ఉల్లికి గడ్డ కట్టమని చెప్పేది పగలు. మీ కర్నూల్లో పగలు ఏడాది పొడుగునా 11 నుంచి 13 గంటల మధ్యే తిరుగుతుంది. మీ రకాలు ఆ పగటికే గడ్డ కట్టేలా అలవాటు పడ్డవి. ఇక్కడ లండన్ లెక్క తీసుకుంటే డిసెంబరులో పగలు 8 గంటలు కూడా ఉండదు, ఏప్రిల్ మూడో వారానికి 14 దాటుతుంది, జూన్‌లో పదహారున్నర. మీ విత్తనం మార్చిలో వేశారనుకో, మొక్క రెండు మూడు ఆకులు వేసేలోపే పగలు దాని లెక్క దాటిపోతుంది. వెంటనే గడ్డ కట్టడం మొదలుపెట్టి ఉసిరికాయంత దగ్గర ఆగిపోతుంది.

ఉల్లిపాయని అడ్డంగా కోసి చూడు. ఒక్కో పొర ఒక్కో ఆకు అడుగుభాగం. గడ్డ కట్టే వేళకి మొక్కకి ఎన్ని ఆకులుంటే గడ్డలో అన్ని పొరలు, ఆకు ఎంత పెద్దదైతే పొర అంత మందం. అందుకే గడ్డ మొదలయ్యే లోపు ఆకు సంపాదించుకోవాలి. శీతాకాలపు సెట్స్‌లో కిటుకంతా ఇదే. వేరు, మూడు నాలుగు ఆకులు చలికాలం ముందే సిద్ధం. ఫిబ్రవరి ఆఖర్లో నేల కొంచెం వెచ్చబడగానే పరుగు అందుకుంటుంది. ఈ పనికి పెంచిన రకాలు వసంతకాలపు రకాలకన్నా తక్కువ పగటికే గడ్డ మొదలుపెడతాయి. సెన్షియు యెల్లో అనే పేరు వినే ఉంటావు, అది జపాన్ రకం. మా అలాట్‌మెంట్‌లో (తోటపనికి అద్దెకిచ్చే స్థలం) పెద్దవాళ్లు శీతాకాలపు ఉల్లి దేన్నయినా 'జపనీస్ ఆనియన్స్' అనే అంటారు.

ఇంకో మాట. వసంతంలో అమ్మే సెట్స్‌లో కొన్ని 'హీట్ ట్రీటెడ్' అని ఉంటాయి. వెచ్చటి గదిలో వారాల తరబడి ఉంచి, లోపలి పూమొగ్గని చంపేస్తారు. అవి మార్చి, ఏప్రిల్‌లో నాటడానికే. చవకగా మిగిలిపోయాయని అక్టోబరులో నాటకండి.


డాలస్_పెరడు | అక్టోబరు 1

నేను అట్లాంటిక్ ఇవతల నుంచి. మా టెక్సస్‌లో కూడా ఉల్లి చలికాలపు పంటే, కానీ ఇక్కడ సెట్స్ ఎవరూ సిఫారసు చెయ్యరు. చలి, వేడి ఒకే వారంలో మారిపోతుంటాయి, సెట్స్ పూతకొచ్చేస్తాయి. జనవరి, ఫిబ్రవరిలో నారు కట్టలు అమ్ముతారు, అవే నాటుతాం. ఇక్కడ పేరున్న 1015 అనే రకానికి ఆ పేరు విత్తే తేదీ వల్ల వచ్చింది, అక్టోబరు 15. టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీలో పుట్టిన రకం. మాది తక్కువ పగటి ప్రాంతం కాబట్టి కర్నూలు తమ్ముడి లాంటివాళ్లకి ఇక్కడైతే కొంచెం దగ్గరగా ఉంటుంది.

కానీ ఘాటు మాత్రం ఇక్కడా దొరకదు. 1015 యాపిల్‌లా కొరుక్కు తినొచ్చని వీళ్లకి గొప్ప. జార్జియాలో వైడేలియా ఉల్లి అంత తియ్యగా ఉండటానికి అక్కడి నేలలో గంధకం తక్కువ కావడం ఒక కారణం. పెరుగన్నంలో నంజుకుంటే ఉల్లి తిన్నట్టే ఉండదు.


సుధ_అబర్డీన్ | అక్టోబరు 3

పైన రాసిన తేదీలు దక్షిణ ఇంగ్లండువాళ్లవి. నాలాగా స్కాట్లాండ్‌లో ఉన్నవాళ్లు నవంబరు దాకా ఆగొద్దు, సెప్టెంబరులోనే నాటెయ్యాలి. ఆ తర్వాత నేల చల్లబడిపోయి వేరు కదలదు. నిజం చెప్పాలంటే ఇక్కడ చాలామంది మార్చి, ఏప్రిల్ సెట్సే నమ్ముకుంటారు. జూన్‌లో మాకు పగలు దాదాపు 18 గంటలు, వసంతంలో నాటినవి కూడా బాగానే ఊరతాయి. నేను ఒక చిన్న మడిలో మాత్రం చలికాలపువి వేస్తాను, కాడల కోసం.


రమణి_రీడింగ్ | అక్టోబరు 12

నాటేశాను! మడి ఎత్తు చేశాం. మా అత్తగారే దగ్గరుండి కాలవలు తీయించారు. ఆవిడకి రెండేళ్ల మొక్క సంగతి చెప్తే, "అయితే నేను చెప్పిందే కదా" అన్నారు. ఇక వాదన లేదు.

కానీ ఇవాళ పొద్దున చూస్తే ఎనిమిదో పదో గడ్డలు పైకొచ్చి మడి మీద పడున్నాయి. ఎవరో ఏరి పెట్టినట్టు. పిల్లుల పనా?


ఎర్రమట్టి_లెస్టర్ | అక్టోబరు 12

పిట్టలు. బ్లాక్‌బర్డ్, పావురం రెండూ చేస్తాయి. మొన దగ్గరున్న ఎండు పొరని పురుగో, పుల్లో అనుకుని లాగుతాయి. తినవు, పారేస్తాయి. వేరు పట్టాక లాగలేవు. నాటే ముందు ఆ ఎండు తోకని కత్తెరతో కత్తిరించేస్తే సగం బాధ తగ్గుతుంది, పచ్చి భాగం తెగకుండా చూసుకోండి. పడినవాటిని మళ్లీ గుంట చేసి పెట్టండి. చిన్న వేళ్లు వచ్చి ఉంటే వాటిని మడవకుండా దించాలి.

వల వెయ్యండి. ఎటూ వేస్తున్నారు కాబట్టి పక్షుల వల కాకుండా సన్న కన్ను ఉన్న పురుగుల వల వెయ్యండి. ఎందుకో నాగమణి గారు చెప్తారు, ఆవిడకి ఆ ఈగంటే చాలా కోపం.


నాగమణి_కెంట్ | అక్టోబరు 13

కోపం కాదండీ, పగ. ఆలియం లీఫ్ మైనర్ అని ఒక చిన్న బూడిదరంగు ఈగ. బ్రిటన్‌లో మొదటిసారి 2002లో కనబడింది, ఇప్పుడు ఇంగ్లండులో చాలాచోట్ల ఉంది. ఏడాదికి రెండుసార్లు లేస్తుంది: మార్చి, ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరు, నవంబరులో ఇంకోసారి. మన సెట్స్ మొలకలు వేసేది సరిగ్గా రెండోసారి లేచేటప్పుడే.

గుర్తుపట్టడం తేలిక. గుడ్లు పెట్టే ముందు ఆడ ఈగ ఆకుని పొడుస్తూ పోతుంది. ఆకు పొడవునా తెల్లటి చుక్కలు వరసగా, కుట్టుమిషన్ నడిపినట్టు ఉంటాయి. తర్వాత ఆకు మెలి తిరుగుతుంది. కాండం చీల్చి చూస్తే లోపల మూడు నాలుగు మిల్లీమీటర్ల గోధుమరంగు గూళ్లు కనబడతాయి. పెరటి తోటలవాళ్లకి దీని మీద పనిచేసే మందు లేదు. లోపలికి రాకుండా ఆపడమే. 0.8 మిల్లీమీటర్ల కన్నున్న వల, అంచులు మట్టిలో పూడ్చి, ఆకుకి తగలకుండా పైపుల మీద ఎత్తుగా. నిరుడు ఉల్లి, లీక్స్ (ఉల్లి జాతి కూరే) లేని మడిలోనే ఇది పనిచేస్తుంది. ఉన్న మడిలో వేస్తే గూళ్లు లోపలే పగిలి ఈగలు వల కింద హాయిగా కాపురం పెడతాయి.


కోడుమూరు_కుర్రోడు | అక్టోబరు 13

మా తట్టు తామరపురుగు కొట్టినా ఆకు తెల్లగా అవుతుంది అక్కా. అదీ ఇదీ ఒకటేనా?


నాగమణి_కెంట్ | అక్టోబరు 14

కాదు తమ్ముడూ. తామరపురుగు గీరి రసం పీలుస్తుంది, ఆకంతా వెండి మచ్చలు పడుతుంది. దానికి ఎండ, పొడి వాతావరణం కావాలి. ఇక్కడ జులై, ఆగస్టుల్లో వస్తుంది, మన శీతాకాలపు ఉల్లి అప్పటికే ఇంట్లో ఉంటుంది. ఇది చుక్క పక్కన చుక్క, సూటిగా ఒకే వరస.


రమణి_రీడింగ్ | జనవరి 9

వారం నుంచి మంచు కురుస్తోంది. గడ్డలు కొన్ని మట్టిలోంచి పైకి లేచి, పక్కకి ఒరిగాయి. ఆకుల కొసలు పసుపు. అత్తగారు కిటికీలోంచి చూసి పాత దుప్పటి కప్పమంటున్నారు. వేరుశనగ పొట్టు వేయమని కూడా అన్నారు, అది రీడింగ్‌లో ఎక్కడ దొరుకుతుందో మరి.


ఎర్రమట్టి_లెస్టర్ | జనవరి 9

దుప్పటి వద్దని పెద్దావిడకి నా మాటగా చెప్పండి. తడి కింద ఊపిరాడక కుళ్లుతుంది. కొసలు పసుపు రావడం ఈ నెలలో మామూలే. నేల గడ్డకట్టినప్పుడు ఉబ్బుతుంది, కరిగినప్పుడు దిగుతుంది, గడ్డ మాత్రం పైనే ఉండిపోతుంది. మంచు కరిగి, మట్టి చేతికి అంటుకోనంత ఆరిన రోజు చూసి, ఒరిగినవాటి చుట్టూ వేళ్లతో మట్టి దగ్గరకి నొక్కండి. ఈ లోపు మడి తొక్కొద్దు. కాలవల్లో నీళ్లు నిలిచాయేమో చూడండి, అది ముఖ్యం.


లెక్కల_మాస్టారు | జనవరి 10

ఈ చర్చ చదువుతూనే ఉన్నాను. ఇంతవరకు తిన్నది సున్నా.


రమణి_రీడింగ్ | ఫిబ్రవరి 24

మళ్లీ నేనే. ఆకులు లేచాయి, రంగు మాత్రం పాలిపోయి ఉంది. ఇప్పుడు తియ్యొచ్చా ఆ కోడిఎరువు డబ్బా?


ఎర్రమట్టి_లెస్టర్ | ఫిబ్రవరి 24

ఇప్పుడు తియ్యొచ్చు, కానీ ఇంకా మంచిది ఉంది. చలికాలం వానలకి నేలలో నత్రజని కొట్టుకుపోయి ఉంటుంది, ఆ పాలిపోయిన రంగు దానికే. కోడిఎరువు చల్లటి నేలలో నెమ్మదిగా కరుగుతుంది. అమ్మోనియం సల్ఫేట్ తెచ్చుకోండి, ఇక్కడ సల్ఫేట్ ఆఫ్ అమ్మోనియా అని డబ్బాల్లో అమ్ముతారు. చదరపు మీటరుకి 35 గ్రాములు, ఆకుల మీద పడకుండా వరసల మధ్య చల్లి, పైపైన కలిపి, వాన లేకపోతే నీళ్లు పెట్టండి. ఫిబ్రవరి ఆఖరు, మార్చి మొదలు దీనికి అదను. ఏప్రిల్ తర్వాత నత్రజని ఇస్తే మెడ లావెక్కి గడ్డ ఆరదు, త్వరగా కుళ్లుతుంది.

కర్నూలు తమ్ముడు ఘాటు లేదన్నాడు కదా, ఇది అతనికి కూడా. ఉల్లి ఘాటు గంధకం సమ్మేళనాలది. కోసినప్పుడు కణాలు తెగి, అందులోని ఎంజైము ఆ సమ్మేళనాల మీద పడితే కంట్లో నీళ్లు తెప్పించే వాయువు పుడుతుంది. అమ్మోనియం సల్ఫేట్‌లో నత్రజని 21 శాతం, గంధకం 24 శాతం. యూరియా వేస్తే నత్రజని ఒక్కటే అందుతుంది. రకాన్ని బట్టే ఘాటు ప్రధానంగా ఉంటుంది, నీళ్లు ఎక్కువైనా తగ్గుతుంది. అయినా ఈ ఎరువు వేసిన మడిలో తేడా నాలిక్కి తెలుస్తుందని నా అభిప్రాయం. నాగమణి గారు ఒప్పుకోరు.


నాగమణి_కెంట్ | ఫిబ్రవరి 25

ఒప్పుకోను. రాడార్‌కి ఏం పెట్టినా రాడారే. మెత్తని రకం, సలాడ్ ఉల్లి. ఘాటు కావాలంటే మార్చిలో గట్టి పసుపు రకాలు నాటుకోవాలి. నిల్వ ఉండే ఉల్లే ఘాటైన ఉల్లి, నీరు తక్కువ, గట్టిదనం ఎక్కువ.


కోడుమూరు_కుర్రోడు | ఫిబ్రవరి 26

అక్క చెప్పింది నిజమే అనుకుంటా. కడప తట్టు కృష్ణాపురం ఉల్లి అని ఉంటుంది, చిన్న గడ్డ, నోరు మంట పుడుతుంది. మనోళ్లు వంటకి వాడరు, అంతా మలేసియా, సింగపూర్ ఎగుమతే. దానికెవరూ ప్రత్యేకంగా గంధకం పెట్టరు.

ఊరికి పోయినప్పుడు సెట్స్ గురించి నాయినకు చెప్పినా. నవ్వలేదు. ఉత్తరాదిలో ఖరీఫ్‌కు ఇట్లే చేస్తారంట: జనవరి, ఫిబ్రవరిలో ఒత్తుగా విత్తి, ఎండాకాలంలో చిన్న గడ్డలు తీసి దాచి, ఆగస్టులో నాటితే నవంబరుకల్లా పంట. పాత నిల్వ అయిపోయి రేటు బాగున్నప్పుడు మార్కెట్‌కు పోతుంది. ఆగస్టు వానల్లో నారు కుళ్లేదానికంటే ఇదే మేలంట.


సుధ_అబర్డీన్ | మార్చి 30

ఉల్లికాడల మడి కోతకొచ్చింది. పెసరపప్పులో వేశాను, కోడిగుడ్డు పొరటులో వేశాను. ఆకు లోపల జిగురు ఎక్కువగా ఉంటుంది, తరిగాక ఉప్పు వెయ్యకుండా ముందు నూనెలో పెద్దమంట మీద తిప్పితే ఆ జిగురు పోతుంది. తెల్ల భాగం విడిగా చివర్లో వెయ్యాలి.


రమణి_రీడింగ్ | ఏప్రిల్ 27

ఎలక్ట్రిక్ వరసలో అక్కడక్కడా గుండ్రటి బోలు కాడ లేచింది, కొసన చిన్న మొగ్గ. రాడార్ వరస బాగానే ఉంది. గోలీకాయంతవే నాటాను కదండీ, మరి ఇదేమిటి?


ఎర్రమట్టి_లెస్టర్ | ఏప్రిల్ 27

ఎర్ర రకాలకి ఆ గుణం ఎక్కువ. చలి, మధ్యలో నాలుగు రోజులు వెచ్చదనం, మళ్లీ చలి పడితే కొన్ని వస్తాయి, మీరేం చేసినా. కాడని అడుగున తుంచెయ్యండి, గడ్డ కొంత ఊరుతుంది. కానీ లోపల నడిమధ్య గట్టి దుంపలా ఉంటుంది, నిల్వ ఉండదు. అవి ముందు వంటకి తీసేసుకోండి. మొగ్గ విచ్చుకోకముందు ఆ కాడ కూడా పకోడీలో బావుంటుంది.

వరస మొత్తం పూతకొస్తే మాత్రం సెట్స్ సంచి కొట్టులో వేడికీ చలికీ మారుతూ ఎక్కువ రోజులు ఉండిపోయిందని అర్థం. వచ్చే ఏడు సరుకు దిగిన వారంలోనే కొనండి.


నాగమణి_కెంట్ | మే 18

ఒక చెడు వార్త. మా అలాట్‌మెంట్‌లో పక్క ప్లాటు ఆయనకి తెల్ల కుళ్లు వచ్చింది. ఆకులు పసుపు పడి వాలాయి, లాగితే వేరు లేకుండా చేతికొచ్చింది. గడ్డ అడుగున తెల్లటి దూది, అందులో గసగసాలంత నల్ల గింజలు. ఆ నల్లవి నేలలో 20 ఏళ్ల దాకా బతుకుతాయి. ఇంటి తోటలకి మందు లేదు. ఆ మడిలో ఇక ఉల్లి, వెల్లుల్లి, లీక్స్ ఏదీ కుదరదు. మాస్టారూ, మీరు చెప్పిన వెల్లుల్లి కూడా.

ఆయన ఆ గడ్డల్ని కంపోస్టు కుప్పలో వెయ్యబోతుంటే ఆపాను. బూట్ల మట్టితో కూడా పాకుతుంది. ఒకరి పార ఒకరు వాడుకునేవాళ్లు కడిగి వాడండి. పరిచయస్తుల దగ్గర మిగిలిన సెట్స్, నారు మట్టితో సహా తెచ్చుకోవద్దు.

ఇంకొకటి, ఆకుల మీద బూడిద, ఊదా రంగు బూజు కనబడితే వెంటనే ఆ మొక్కలు తీసెయ్యండి. అది డౌనీ మిల్డ్యూ. శీతాకాలపు ఉల్లి మీద చలికాలం గడిపి, వసంతంలో వేసిన ఉల్లికి దాటుతుంది. మా దగ్గర ఇద్దరు పెద్దవాళ్లు ఈ కారణంగానే అక్టోబరు ఉల్లి వెయ్యరు. వాళ్ల వాదనలో న్యాయం ఉంది. రెండూ వేసేవాళ్లు కనీసం రెండు మడులూ దూరంగా పెట్టండి, వరసల మధ్య గాలి ఆడనివ్వండి, కలుపు తియ్యండి.


రమణి_రీడింగ్ | జూన్ 11

రాడార్ ఆకులు సగం పైన మెడ దగ్గర వాలిపోయాయి. గడ్డలు మట్టి పైన కూర్చున్నాయి, పిడికిలికి కొంచెం పెద్దవి. మిగిలినవాటి ఆకులు కూడా నేనే వంచేస్తే తొందరగా ఊరతాయని మా పక్కింటాయన అంటున్నారు. ఊళ్లో కూడా మెడలు తొక్కుతారని అత్తగారు ఫోన్‌లో చెప్పారు. వంచనా?


ఎర్రమట్టి_లెస్టర్ | జూన్ 11

వంచొద్దు. ఊళ్లో ఎకరాల పొలం ఒకేసారి తవ్వాలి, కూలీలు, లారీ అన్నీ ఒకే రోజుకి కుదరాలి, అందుకని తొక్కుతారు. మీకు లారీ రావట్లేదు కదా. చేత్తో వంచితే మెడ దగ్గర నలిగి, అక్కణ్నుంచి కుళ్లు దిగుతుంది. వాటంతటవే వాలనివ్వండి. నీళ్లు మానెయ్యండి. వాలినవాటిని ఎండున్న రోజు చూసి చిన్న పారతో లేపండి. వానొచ్చేలా ఉంటే షెడ్డులో, జాలీ ట్రే మీద ఒకే పొరగా పరవండి. మెడ ఎండి, పై పొర గలగలమనాలి. రెండు మూడు వారాలు పడుతుంది.

ఎంత ఆరినా ఇవి సంక్రాంతి దాకా ఉండవు, సెప్టెంబరు, అక్టోబరు లోపే వాడెయ్యాలి. మెడ లావుగా ఉన్నవి, పూల కాడ వచ్చినవి ముందు.


లెక్కల_మాస్టారు | జూన్ 12

రీడింగ్ మాకు ఎంతో దూరం లేదు. ఎర్రవి నాలుగు ఇస్తే ఉల్లికారం చేయించి అభిప్రాయం రాస్తాను.


రమణి_రీడింగ్ | జూన్ 14

తప్పకుండా రండి మాస్టారూ, గడ్డలకి బదులు మీ కారులో నాకు రెండు బస్తాల కంపోస్టు తెచ్చిపెట్టాలి.

ఎర్రమట్టి గారూ, ఈ మడిలో ఇప్పుడు బీన్స్ వేసి, అక్టోబరుకి మళ్లీ ఉల్లి ఇక్కడే వెయ్యొచ్చా? షేక్స్‌పియర్ అనే రకం కొంచెం ఎక్కువ నిల్వ ఉంటుందంటున్నారు, అది చూద్దామని ఉంది.


ఎర్రమట్టి_లెస్టర్ | జూన్ 14

షేక్స్‌పియర్ వెయ్యండి, గోధుమరంగు పొర మందంగా ఉంటుంది. కానీ ఈ మడిలో వద్దు. మూడు నాలుగేళ్లు ఉల్లి జాతిని ఇక్కడికి తీసుకురాకండి. బీన్స్ తర్వాత క్యాబేజీనో, మెంతికూరో వేసుకోండి. కొత్త మడి ఇప్పుడే చూసుకుని, అక్కడి పంట సెప్టెంబరు మధ్యకి అయిపోయేలా వేసుకోండి. కాలవలు తీయడానికి అత్తగారు మళ్లీ ఎప్పుడొస్తారో కనుక్కోండి.